మా చీరల ఫొటోలు ఇకపై ఎక్కడ చూడాలంటే

పోయిన నెలలో పాత కస్టమర్ ఒకావిడ ఫోన్ చేసి, "దుకాణం ఎత్తేశారా అమ్మా? నాలుగు నెలలుగా ఒక్క చీర కూడా కనబడలేదు" అన్నారు. నాకు నోట మాట రాలేదు. వారానికి మూడుసార్లు సోషల్ మీడియాలో మంగళగిరి చీరల ఫొటోలు పెడుతూనే ఉన్నాను, ఆవిడ మా ఖాతాను ఫాలో అవుతూనే ఉన్నారు. మధ్యలో ఉన్న సంస్థ ఆవిడకు చూపించడం మానేసింది. చూపించాలంటే ప్రకటనకు డబ్బు కట్టమంది. రెండుసార్లు కట్టాను. మగ్గం మీద కూర్చున్నవాళ్లకు వెళ్లాల్సిన డబ్బు అది.

అందుకే ఆ ఖాతా ఆపేసి, మరో సోషల్ మీడియా వేదిక అయిన మాస్టొడాన్‌కు మారాం. ఇది 2016లో జర్మనీలో మొదలైంది. ఇక్కడ అందరికీ కలిపి ఒకే యజమాని ఉండడు, ఎవరి సర్వర్ (ఖాతాలు, ఫొటోలు ఉండే కంప్యూటర్) వాళ్లు నడుపుకుంటారు. ఒక కంపెనీ సిమ్ నుంచి మరో కంపెనీ సిమ్‌కు ఫోన్ కలిసినట్టే, మీ ఖాతా ఏ సర్వర్‌లో ఉన్నా మమ్మల్ని ఫాలో కావచ్చు. ప్రకటనలు లేవు. ఎవరు ఎప్పుడు పెడితే ఆ వరుసలోనే వస్తాయి. ఖాతా తెరవడం ఇష్టం లేకపోతే లింకు నొక్కి చూసినా చాలు.

మొదట పెట్టింది మెరూన్ చీర, నిజాం అంచు. గుంట మగ్గం మీద సగం నేత ఉండగానే తీశాను. కిటికీ వెలుగులో అంచు మీది చిన్న గోపురాల వరుస ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తోంది. రంగు పెంచలేదు. పాత చోట మెరిసే ఫొటోలే ఎక్కువమందికి వెళ్తున్నాయని రంగు పెంచేదాన్ని. చేతికి వచ్చిన చీర ఫొటోలో ఉన్నట్టు లేదని ఒకరు తిప్పి పంపారు. ఆ తప్పు నాదే. మెరూన్ చీర మాత్రం రెండో రోజే అమ్ముడుపోయింది.

అయినా ఆర్డర్లు సగానికి పడిపోయాయి. పాత చోట ఆరువేల మంది, ఇక్కడ 112 మంది. వాళ్లను అక్కడి నుంచి తెచ్చుకునే దారి లేదు. దసరా దాకా ఎలా నెట్టుకొస్తామోనని దిగులుగానే ఉంది. రేపు ఈ సర్వర్ మూతపడేలా ఉంటే, ముందే ఫాలోవర్లతో సహా మరో సర్వర్‌కు మారిపోవచ్చు. పాత ఫొటోలు మాత్రం వెంట రావు, అందుకే అన్నీ విడిగా దాచుకుంటున్నాను.

ఒక జాగ్రత్త. మాస్టొడాన్‌లో పంపే ప్రైవేటు సందేశాలను సర్వర్ నడిపేవాళ్లు చూడగలరు. మీ చిరునామా, డబ్బు వివరాలు అందులో రాయకండి. ఆర్డర్లు ఎప్పటిలాగే ఫోన్‌లోనే తీసుకుంటాను. ఆ పాత కస్టమర్ తనకు ఏ ఖాతా వద్దన్నారు. ఆవిడకు ప్రతి శనివారం నేనే ఫోన్ చేసి, ఆ వారం మగ్గం దిగిన చీరల గురించి చెబుతున్నాను. అలా కావాలనుకునేవాళ్లు చెప్పండి, మీ పేరు కూడా నోటుపుస్తకంలో రాసుకుంటాను.