మతిమరుపు వ్యాసంలో మా సంగతి లేదు

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ ఆరోగ్య పేజీలో మతిమరుపు మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి సగానికి వచ్చేసరికి పైన ఏముందో జారిపోయింది, అందుకే రెండోసారి. పజిళ్లు నింపండి, కొత్త భాష నేర్చుకోండి, మెదడుకు పని చెప్పండి అని అందులో సలహాలున్నాయి. వయసు పైబడుతున్నవాళ్లకు అవి ఉపయోగపడతాయేమో. దీర్ఘకాలిక జబ్బుతో తల పనిచేయక ఇబ్బంది పడేవాళ్లం కూడా ఆ పేజీ చదువుతాం. మా గురించి ఒక్క వాక్యమైనా లేకపోయేసరికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు 48 ఏళ్లు. తొమ్మిదేళ్ల కిందట లూపస్ అని తేలింది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి ఒంటి మీదకే తిరగబడే జబ్బు ఇది. ఎక్కువగా ఆడవాళ్లకే వస్తుంది. కీళ్లు వాచినా, ముఖం మీద ఎర్రగా దద్దు లేచినా ఎదుటివాళ్లకు కనబడుతుంది, అయ్యో అంటారు. తలలో జరిగేది ఎవరికీ కనబడదు. ఆలోచన సాగదు, విన్నదీ చూసిందీ నిలవదు. దానికి బ్రెయిన్ ఫాగ్ అని పేరు. ఇది లూపస్ వాళ్లకే పరిమితం కాదు. ఒళ్లంతా నొప్పులు పెట్టే ఫైబ్రోమయాల్జియా, మెదడు, వెన్నుపాములోని నరాలను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్, థైరాయిడ్ లోపం ఉన్నవాళ్లూ, కీమోథెరపీ చేయించుకున్నవాళ్లూ ఇదే చెబుతారు. కోవిడ్ తగ్గాక నెలల తరబడి వదలని లక్షణాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో నిర్వచనం ఇచ్చినప్పుడు, నీరసం, ఆయాసంతో పాటు ఆలోచనలో వచ్చే ఇబ్బందిని కూడా అందులో చేర్చింది.

ఫాగ్ అంటే పొగమంచు. ఆ మాట నాకు అంతగా నచ్చదు. పొగమంచులో మసగ్గానైనా ఏదో ఒకటి కనిపిస్తుంది. నాకైతే పిడికిలి చిన్నదైపోయినట్టు ఉంటుంది. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి జారిపోతుంది.

నేను 22 ఏళ్లు అకౌంట్స్ పని చేశాను. పేజీ పొడుగు కాలమ్‌ని కాలిక్యులేటర్ ముట్టుకోకుండా పైనుంచి కిందికి కూడుకుంటూ వెళ్లేదాన్ని. ఒక మధ్యాహ్నం బిల్లు మీద 4,871 అని చూసి కంప్యూటర్ వైపు తల తిప్పాను. అంకె లేదు. మళ్లీ బిల్లు చూసి తల తిప్పాను. మళ్లీ లేదు. మూడోసారి బిల్లు మీద వేలు నొక్కిపెట్టి, పైకి చదువుతూ ఒక్కో అంకె కొట్టాను. 4, 8 కొట్టేసరికి వెనక సీటాయన ఏదో అడిగారు. అంతే, మళ్లీ మొదటికొచ్చింది. ఆ ఒక్క బిల్లు ఎక్కించడానికి ఎంతసేపు పట్టిందో చెప్పడానికి ఇప్పటికీ ప్రాణం ఒప్పదు.

ఒక విషయాన్ని వాడుకునేంతసేపు మనసులో నిలుపుకోవడాన్ని వర్కింగ్ మెమరీ అంటారని తర్వాత తెలిసింది. నాకు దెబ్బతిన్నది అది. పాతవి ఎక్కడికీ పోలేదు. పంతొమ్మిదో ఎక్కం ఇప్పుడు అడిగినా అప్పజెప్తాను. కానీ ఒకరోజు కత్తెర అనే మాట దొరకలేదు. ‘అదేనమ్మా, రెండు వేళ్లు దూర్చి కోస్తామే, అది’ అని మా అమ్మాయిని అడిగాను. తెచ్చి చేతికిచ్చింది గానీ, ఇస్తూ నా మొహంలోకి భయంగా చూసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డిమెన్షియా మొదలైందేమోనని హడలిపోయి డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ముప్పై మార్కుల పరీక్ష పెట్టారు. 1975 నుంచి వాడుకలో ఉన్న పరీక్ష అది. మూడు మాటలు చెప్పి కాసేపాగి అడుగుతారు, 100లోంచి ఏడేసి తీసేస్తూ రమ్మంటారు, బొమ్మ చూసి గీయమంటారు. అకౌంట్స్ మనిషిని, 93, 86, 79 అని గడగడా చెప్పాను. 29 వచ్చాయి. ‘మీకేం లేదు, టెన్షన్ తగ్గించుకోండి’ అని పంపేశారు. తలుపు మూసిన గది, ఎదురుగా ఒక్క మనిషి, ఒకసారి ఒక్క ప్రశ్న, మొత్తం పది నిమిషాలు. నా ఆఫీసులో అలాంటి గది లేదు, ఇంట్లోనూ లేదు. ఆ పది నిమిషాలకే ఉన్న శక్తంతా ఊడ్చిపెట్టేశాను. ఇంటికొచ్చి పడుకుని చీకటి పడ్డాక లేచాను. మా ఆయన ఏమడిగినా ఊ, ఊహూ తప్ప మాట రాలేదు. అది ఏ మార్కుల్లోనూ కనబడదు. నాలాంటివాళ్ల ఇబ్బంది బయటపడాలంటే జ్ఞాపకం, ఏకాగ్రత లాంటివాటిని విడివిడిగా కొలుస్తూ గంటల తరబడి చేసే న్యూరోసైకాలజీ పరీక్షలు కావాలి, అవి అందరికీ అందుబాటులో ఉండవు.

మెదడుకు పని చెప్పమన్న సలహా నేనూ పాటించాను. మూడు వారాలు రోజూ అరగంట సుడోకు చేశాను. సుడోకు బాగానే వచ్చింది. అది ముగిశాక మాత్రం మందులు వేసుకున్నానో లేదో తెలిసేది కాదు. ఒకసారి లూపస్‌కు వాడే స్టెరాయిడ్ మాత్ర ఒకే పూట రెండుసార్లు వేసుకున్నాను. విశ్రాంతి తీసుకున్నా నీరసం వదలని క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అనే జబ్బు ఉన్నవాళ్లకైతే ఒంటి శ్రమే కాదు, ఆలోచన శ్రమ ఎక్కువైనా ఆ మర్నాడో, ఎల్లుండో మంచం పట్టే పరిస్థితి వస్తుంది. ఆ జబ్బును గుర్తించే ముఖ్య లక్షణాల్లో అదొకటని 2015లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదికలో ఉంది. అలాంటివాళ్లు మీ వ్యాసం చదివి, పట్టుదలగా పజిళ్లు మొదలుపెడితే ఏమవుతుందో ఆలోచించండి.

నాకు మేలు చేసింది మరో డాక్టర్ గారు. ఆమె నా జ్ఞాపకశక్తి సంగతి ఆఖర్న అడిగారు. ముందు నిద్ర గురించి, నొప్పి గురించి అడిగి, వాడుతున్న మందులన్నీ బల్ల మీద పెట్టించారు. దురదకని ఎప్పటినుంచో రాత్రిళ్లు వేసుకుంటున్న మాత్ర మగత తెచ్చే రకమని, ఆలోచనను మందగింపజేస్తుందని చెప్పి మార్చారు. స్టెరాయిడ్ సాయంత్రం పడితే నిద్ర చెడుతుందని పొద్దుటికి జరిపారు. థైరాయిడ్, బి12, రక్తహీనత పరీక్షలు చేయించారు. అన్నీ కుదుటపడ్డాయని అనను. రోజులో మూడు వంతులు మూసుకుపోయే తల ఇప్పుడు సగం రోజు తెరుచుకుంటోంది. అన్నింటినీ ఫాగ్ ఖాతాలో వేసుకోవద్దని కూడా ఆమె గట్టిగా చెప్పారు. లూపస్ నేరుగా మెదడు మీదా పనిచేయగలదు. ఫిట్స్, ఉన్నట్టుండి మాట తడబడటం, ఒకవైపు పట్టు తప్పడం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం లాంటివి వస్తే ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మిగతా సగం రోజుకు నా ఏర్పాట్లు నావి. మొదట్లో చీటీలు రాసి ఎక్కడపడితే అక్కడ అంటించేదాన్ని, ఆ చీటీలే గుర్తుండేవి కావు. ఇప్పుడు ఒక్కటే నోటుబుక్కు, దానికి దారం కట్టి పెన్ను. మందులకు ఏడు రోజుల గళ్ల డబ్బా. గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు, అనుమానానికి తావే లేదు. స్టవ్ ఆపేటప్పుడు ‘స్టవ్ ఆపాను’ అని పైకి అంటాను. లెక్కల పని పది నుంచి పన్నెండు లోపలే. అలిసిపోయాక పడుకుంటే లాభం లేదు, పనికి ముందే ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని పడుకుంటాను.

ఇవన్నీ నా చేతిలో ఉన్నవి. ఎదుటివాళ్ల చేతిలో ఉన్నది ఒకటుంది, అది అడగడానికే ఇంత రాశాను. దయచేసి మాకు రాసివ్వండి. ‘పని మీద మీకు శ్రద్ధ తగ్గింది’ అని ఆఫీసులో మా పైఅధికారి అన్నప్పుడు నేను తల వంచుకుని విన్నాను. నిజానికి ఆ పైఅధికారే నా సీటు దగ్గర నిలబడి ఒక్క గుక్కలో నాలుగు పనులు చెప్పి వెళ్లిపోయేవారు. మొదటిది గుర్తుపెట్టుకునేలోపు మూడోది వచ్చేది. పక్క సీటు అమ్మాయి ఒకరోజు తనంతట తానే అవే పనులు కాగితం మీద వరసగా రాసి నా ముందు పెట్టింది. ఆ రోజు ఒక్కటీ తప్పలేదు. నా శ్రద్ధ నిన్న ఎంత ఉందో ఆ రోజూ అంతే ఉంది.

మీ పేజీకి రాసే డాక్టర్లకు కూడా నా మాట చేరవేయండి. నేను చెప్పిన ఆ డాక్టర్ గారు మందుల చీటీ కాక, విడిగా ఒక కాగితం మీద నాలుగు వరసలు రాసిచ్చారు. ఏది మానేయాలి, ఏది ఎప్పుడు వేసుకోవాలి, ఏం కనిపిస్తే పరిగెత్తుకు రావాలి, మళ్లీ ఎప్పుడు రావాలి. రాయడానికి ఆమెకు రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. బయట కుర్చీలో కూర్చుని చదువుకున్నాను. ఇంటికెళ్లాక మా ఆయన ‘ఏం చెప్పారు?’ అని అడిగితే, చాలా ఏళ్ల తర్వాత తడుముకోకుండా జవాబు చెప్పాను.

ఇట్లు
మీ పాఠకురాలు