ఆ సీసం దిమ్మలో ఏమైనా ఉండి ఉంటే? కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

తుక్కులో కలిసి వచ్చే రేడియేషన్ సామాను గురించి సోమవారం గ్రీవెన్స్‌లో మూడుసార్లు అర్జీ ఇచ్చాను. మూడు రసీదులూ దాచుకున్నాను. ప్రతిసారీ 'సంబంధిత శాఖకు పంపాం' అని మెసేజ్ వస్తుంది, కొన్నాళ్లకు పరిష్కారమైందని మూసేస్తారు. ఏం పరిష్కరించారు సార్?

జరిగింది మళ్లీ చెబుతాను. మూతపడిన ఒక ఆసుపత్రి సామాను లాట్‌గా కొన్నాం. మంచాలు, స్టాండ్ల అడుగున కుండంత సీసం దిమ్మ దొరికింది. సీసానికి మంచి రేటు కదా, మా కుర్రాడు సుత్తి తీసుకున్నాడు. దాని మీద పెచ్చులూడిన పసుపు రంగు, మూడు రెక్కల గుర్తు. "ఫ్యాను బొమ్మ ఉందన్నా" అన్నాడు. అది రేడియేషన్ ప్రమాదం గుర్తు, ఆ పదార్థాన్ని ఇలాంటి సీసం దిమ్మల్లోనే పెడతారు. పరుగెత్తుకెళ్లి వాడి చెయ్యి పట్టుకున్నాను. అందరినీ బయటికి పంపి, గేటుకు తాళం వేసి, ఫోన్లు చేశాను. మూడు రోజులు ఎవరూ రాలేదు. "నా కొడుక్కేం కాదు కదయ్యా?" అని వాళ్లమ్మ రోజూ వచ్చి అడిగేది. ఏం చెప్పను? నాలుగో రోజు వచ్చి రేడియేషన్ మీటరు పెట్టి, లోపల ఏమీ లేదన్నారు. దేవుడి దయ.

పాత సామాను కదా, పవర్ ఎప్పుడో పోయుంటుందని మీ ఆఫీసులో ఒకాయన అన్నారు. అలా పోదు సార్. ఇలాంటి మిషన్లలో వాడే రేడియేషన్ పదార్థం కోబాల్ట్-60 పవర్ సగానికి తగ్గడానికే ఐదేళ్ల మూడు నెలలు పడుతుంది. మరో ఐదేళ్ల మూడు నెలలకు, మిగిలినదాంట్లో సగం. అలాంటిదే మరో పదార్థం సీజియం-137కైతే సగం తగ్గడానికే 30 ఏళ్లు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్‌కు చేరిన, కోబాల్ట్-60 ఉన్న యూనివర్సిటీ మిషన్ 1985 నుంచి మూలన పడున్నదే. అన్నేళ్ల తర్వాత కూడా విప్పినవాళ్ల ఒళ్లు కాలింది, ఒకరు చనిపోయారు. ఆ పదార్థానికి వాసన ఉండదు, చేత్తో పట్టుకున్నా ఏమీ తెలియదు. వాంతులు మొదలయ్యేసరికి జరగాల్సింది జరిగిపోతుంది.

వాడేసిన సోర్సును, అంటే ఆ రేడియేషన్ పదార్థాన్ని, సరఫరా చేసినవాళ్లకే తిప్పి పంపాలన్న రూల్ మీకు తెలుసు. ఆసుపత్రులు, కాలేజీలు వేలానికి పెట్టేముందే సామాను చెక్ చేయించండి. మా మార్కెట్‌కు ఒక్క మీటరు ఇప్పించండి, ఫోన్ చేస్తే అదే రోజు వచ్చే మనిషిని పెట్టండి. చేతులెత్తి అడుగుతున్నాను సార్.

ఆ కుర్రాడు మళ్లీ పనిలోకి వస్తున్నాడు. బరువైనది ఏది దొరికినా సుత్తి ఎత్తే ముందు నావైపు చూస్తాడు. కొట్టమని ఏ ధైర్యంతో చెప్పను?

ఇట్లు,
ఒక తుక్కు కొట్టు యజమాని