మీ హనీలోకస్ట్ చెట్ల గురించి: మా వల్ల జరిగిన తప్పు, ఈ నెలలో మీరు చూసుకోవలసినవి

నేపర్‌విల్, అరోరా, ప్లెయిన్‌ఫీల్డ్ వైపు మా చేత చెట్లు నాటించుకున్న అందరికీ నమస్కారం.

మే మొదటి వారం వచ్చింది. ఫోన్ చేసినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "పక్కింటి మేపుల్ పచ్చగా కళకళలాడుతోంది, మా హనీలోకస్ట్ మాత్రం మోడులా ఉంది. చచ్చిపోయిందా అండీ?" చాలా ఇళ్లలో చెట్టుకు ఏమీ కాలేదు. కొన్ని ఇళ్లలో మాత్రం అది నిజంగానే ఇబ్బందిలో ఉంది, అందుకు కారణం మేం నాటిన తీరు. ఏది ఏదో మీరే ఎలా తేల్చుకోవచ్చో, ఇకనుంచి మేం ఏం మారుస్తున్నామో రాస్తున్నాం.

ముందు ఆకు సంగతి. హనీలోకస్ట్ ఆలస్యంగా చిగురించి, తొందరగా ఆకు రాల్చే చెట్టు. చికాగో పరిసరాల్లో మే రెండో వారం దాకా మొగ్గ విప్పకపోయినా కంగారు పడనక్కర్లేదు. పెన్సిలంత రెమ్మ ఒకటి పట్టుకుని గోటితో బెరడు గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగుకు తిరిగి రెమ్మ పుటుక్కున విరిగితే ఆ రెమ్మ వరకు పోయింది. అప్పుడు కిందికి వచ్చి పెద్ద కొమ్మ మీద, కాండం మీద కూడా గీకి చూడండి. చివర్లు మాత్రమే ఎండితే అది చలిదెబ్బ, చెట్టు తేరుకుంటుంది. జూన్ మొదటి వారం దాకా కత్తెర పట్టుకోవద్దు.

ఇక మా తప్పు. ఒకటి రెండేళ్ల క్రితం నాటిన చెట్ల మొదళ్లు మట్టి తీసి చూస్తే, కొన్ని ఉండవలసినదానికంటే లోతుగా ఉన్నాయి. తోటలో చెట్టును తవ్వి గోనెపట్టా చుట్టేటప్పుడు మొదలు చుట్టూ మట్టి పోగవుతుంది. అందువల్ల వేళ్లు విచ్చుకునే చోటు, అంటే రూట్ ఫ్లేర్, రూట్ బాల్ (గోనెపట్టాలో వేళ్లతో ఉన్న మట్టిముద్ద) పైభాగానికి మూడు నుంచి ఆరంగుళాల కింద ఉండిపోవచ్చు. మా పనివాళ్లు రూట్ బాల్ పైభాగాన్ని నేలమట్టానికి సరిచేశారు గానీ, ఆ పై మట్టిని తీసి ఫ్లేర్ ఎక్కడుందో వెతకలేదు. ఇక్కడి బంకమట్టిలో ఆ కొన్ని అంగుళాల తేడా చాలా పెద్దది. వేళ్లకు గాలి అందదు, మొదలు బెరడు ఎప్పుడూ తడిగా ఉండి కుళ్లుతుంది. పైకి వచ్చిన కొత్త వేళ్లు కాండం చుట్టూ తిరిగి, ఏళ్లు గడిచాక ఉరితాడులా బిగుస్తాయి. ఇదంతా బయటికి కనిపించడానికి మూడేళ్లయినా, పదేళ్లయినా పట్టవచ్చు. అందుకే ఇప్పుడే చూడమంటున్నాం.

మొదలు దగ్గర మల్చ్ (నేలపై పరిచిన చెక్కపొట్టు) పక్కకు తోసి కాండం నేలను తాకే చోటు చూడండి. ఏనుగు పాదంలా కాస్త వెడల్పయి నేలలోకి దిగితే సరిగ్గానే ఉంది. కరెంటు స్తంభంలా తిన్నగా మట్టిలోకి పోతే లోతుగా నాటినట్టు. అలా కనిపిస్తే మోకాళ్ల ఎత్తునుంచి ఒక ఫొటో తీసి పంపండి. మేం నాటిన ప్రతి చెట్టుకూ, ఏ సంవత్సరంలో నాటినదైనా సరే, ఫ్లేర్ బయటపడేదాకా మట్టి తీసి, చుట్టుకున్న వేళ్లు కోసే పని డబ్బు తీసుకోకుండా చేస్తాం. నాటి రెండేళ్లు దాటనివాటిలో మరీ లోతుగా ఉన్న చెట్టును సెప్టెంబరు చివర్లో పైకెత్తి మళ్లీ నాటుతాం. మీరే తవ్వదలిస్తే పార వద్దు. చేతి తాపీతో మొదలుపెట్టి, వేళ్లు తగిలాక చేత్తోనో గొట్టపు నీటితోనో మట్టి కడగండి. కాండాన్ని అడ్డంగా చుట్టిన సన్నటి వేళ్లను కోసేయవచ్చు. బొటనవేలికంటే లావైనవి ఉంటే ఆగి మాకు చెప్పండి.

ఇకనుంచి ముందు ఫ్లేర్ కనుక్కుని, అక్కడినుంచి రూట్ బాల్ అడుగు వరకు కొలిచి, అంతకంటే ఒకటి రెండు అంగుళాలు తక్కువ లోతుకే గుంట తీస్తాం. వెడల్పు మాత్రం రూట్ బాల్‌కు రెండు మూడింతలు. రూట్ బాల్ చుట్టూ ఉండే వైర్ బాస్కెట్ (తీగల బుట్ట) పై భాగాన్ని కనీసం అడుగు మేర కత్తిరించి, తాళ్లన్నీ తెంపి, పైనున్న గోనెపట్టా తీసేస్తాం. తవ్విన మట్టినే మళ్లీ పోస్తాం. "కంపోస్టు, ఎరువు కలపరా?" అని అడిగేవాళ్లు ఎక్కువ. బంకమట్టి మధ్యలో ఒక్క గుంటలో మెత్తటి మట్టి నింపితే అది తొట్టిలా నీళ్లు పట్టి ఉంచుతుంది, వేళ్లు ఆ తొట్టి దాటవు. మొదటి ఏడాది ఎరువు అసలు వద్దు. గుంట తవ్వే ముందు 811కి ఫోన్ చేసి గ్యాస్, కరెంటు లైన్లు గుర్తు పెట్టించడం ఎప్పటిలాగే మా బాధ్యత.

నీళ్ల విషయంలో మేమిచ్చిన కాగితంలో "వారానికి రెండుసార్లు బాగా పట్టండి" అని మాత్రమే ఉంది. అది చాలదు. కాండం అడ్డుకొలత అంగుళానికి ఒకటి నుంచి ఒకటిన్నర గ్యాలన్లు ఒక తడి. రెండంగుళాల చెట్టుకు మూడు గ్యాలన్లనుకోండి. మొదటి రెండు వారాలు రోజూ, పన్నెండో వారం దాకా రెండు మూడు రోజులకోసారి, ఆ తర్వాత నేల గడ్డకట్టేదాకా వారానికోసారి. ఐదు గ్యాలన్ల బకెట్ అడుగున సన్నటి బెజ్జం వేసి మొదలు పక్కన పెడితే నీరు పారిపోకుండా ఇంకుతుంది. లాన్ స్ప్రింక్లర్ పైనున్న అంగుళం మట్టిని తడిపి వదిలేస్తుంది, అది చెట్టు తడి కాదు. అలాగని తడి మీద తడి కూడా వద్దు. పొడుగు స్క్రూడ్రైవర్‌ను రూట్ బాల్‌లోకి ఆరంగుళాలు గుచ్చి తీయండి. తడిమట్టి అంటుకుని వస్తే ఆ రోజుకు నీళ్లు ఆపండి. మల్చ్ రెండు మూడంగుళాల మందం, కాండానికి మూడంగుళాల ఎడం. మొదలు చుట్టూ గుట్టలా పోస్తే ఫ్లేర్‌ను మళ్లీ పాతిపెట్టినట్టే.

లాన్‌కు వీడ్ అండ్ ఫీడ్ (కలుపుమందు కలిపిన ఎరువు) వేయించుకునేవాళ్లు దయచేసి ఇది తప్పకుండా చదవండి. లాన్‌లో డాండెలియన్లను చంపే మందుల్లో చాలావాటిలో డైకాంబా అనే కలుపుమందు ఉంటుంది. అది మట్టిలో కదిలి వేళ్లకు అందుతుంది. హనీలోకస్ట్ చిక్కుడు కుటుంబపు చెట్టు, ఆ మందుకు చాలా సున్నితం. కొత్త ఆకులు గిన్నెలా ముడుచుకుని, రెమ్మలు మెలితిరిగితే ముందు ఆ మందునే అనుమానించండి. కొమ్మల విస్తారం కింద, దానికి అవతల కొన్ని అడుగుల దాకా ఆ మందు చల్లవద్దని మీ లాన్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి.

సన్‌బర్స్ట్ రకం హనీలోకస్ట్ అమ్మడం ఆపేస్తున్నాం. పసుపుపచ్చ చిగురు కోసం చాలామంది అడుగుతారు, అందం కాదనలేం. కానీ ఆ బంగారు రంగు నడివేసవికి ఆకుపచ్చగా మారిపోతుంది. ప్లాంట్ బగ్, వెబ్‌వర్మ్ అనే పురుగులు, కాంకర్ అనే బెరడు తెగులు మూడూ దీన్ని ఎక్కువగా పట్టుకుంటాయి. ఇప్పటికే ఉన్నవాళ్లు తీసేయనక్కర్లేదు, కాస్త ఎక్కువ కనిపెట్టుకుని ఉండండి. దాని బదులు నిటారుగా పెరిగే స్కైలైన్, నీడ కోసం షేడ్‌మాస్టర్, చిన్న పెరడుకు ఇంపీరియల్, సందులాంటి చోటికి స్ట్రీట్ కీపర్ ఇస్తాం. స్కైలైన్, షేడ్‌మాస్టర్ నలభై యాభై అడుగుల చెట్లు, ఇంటి గోడకు ఇరవై అడుగుల దూరం లేకపోతే మేమే వద్దంటాం. హనీలోకస్ట్ నీడ చింతచెట్టు నీడలా చిక్కగా ఉండదు, మునగచెట్టు నీడలా జల్లెడ పట్టినట్టు ఉంటుంది. కింద గడ్డి చావదు. ఆకులు రాలినా చిన్నచిన్నవి గనుక గడ్డిలోకి దిగిపోతాయి, సంచులకెత్తే పని తక్కువ.

ముళ్లచెట్టు ఇంటి ముందు ఉండకూడదని పెద్దవాళ్లు అంటున్నారని కొందరు అడిగారు. అడవి హనీలోకస్ట్‌కు కాండం నిండా మూడేసి మొనల ముళ్లుంటాయి, దాని శాస్త్రీయ నామంలో ట్రయకాంథోస్ అన్నది ఆ ముళ్లనే. 1949లో పేటెంటు పొందిన మొరైన్‌తో మొదలుకొని తోటల్లో అమ్మేవి ముళ్లు లేని రకాలు, మేమిచ్చేవన్నీ అవే. అయితే ఇవి అంటు కట్టిన చెట్లు. అంటు కింది భాగంనుంచి వచ్చే పిలకలకు ముళ్లు రావచ్చు. లేతగా ఉండగానే మొదలంటా లాగేయండి. ఇంకో సవరణ: "కాయలు రావు" అని మా పాత కరపత్రంలో వేశాం. "చాలా అరుదుగా, తక్కువగా వస్తాయి" అన్నది సరైన మాట.

ఏడాది పొడుగునా మందు కొట్టే ప్యాకేజీ కూడా ఆపేస్తున్నాం. డబ్బు కట్టినవాళ్లకు మిగిలిన నెలలది తిరిగి ఇచ్చేస్తాం. క్యాలెండరు చూసి మందు కొడితే మేలుకంటే చెడే ఎక్కువని మాకిప్పుడు స్పష్టమైంది. ప్లాంట్ బగ్ పిల్లలు మొగ్గ విప్పగానే పుట్టి లేత ఆకు రసం పీల్చి, ఆకులను ముడతలు పడేలా చేస్తాయి. ఏడాదికి ఒకటే తరం. జూన్ తర్వాత ఆరోగ్యమైన చెట్టు కొత్త ఆకు తొడుక్కుంటుంది. తెల్లకాగితం పట్టి కొమ్మను తట్టండి. ఆకుపచ్చ పురుగులు డజన్ల కొద్దీ రాలితేనే మందు కొట్టాలి, అదీ మే నెలలోనే. అందుకు ఇన్సెక్టిసైడల్ సోప్ (పురుగులకు కొట్టే సబ్బు ద్రావణం) చాలు. జూలై, ఆగస్టు ఎండల్లో ఆకు రాగిరంగుకు తిరిగితే అది నల్లి (స్పైడర్ మైట్). అప్పుడు ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పోస్తే నల్లి తగ్గకపోగా పెరగవచ్చు. కార్బరిల్‌లాంటివి కొడితే నల్లిని తినే మంచి పురుగులు చస్తాయి. నీళ్లు సరిగ్గా పెట్టి, గొట్టంతో ఆకు అడుగున గట్టిగా జల్లు కొట్టడమే మంచి వైద్యం. వెబ్‌వర్మ్ ఆకులను గూడులా అల్లి కాల్చినట్టు చేస్తుంది. అందే కొమ్మలైతే ఆ గూళ్లను కత్తిరించి చెత్తలో వేయండి, అందకపోతే పురుగు చిన్నగా ఉన్నప్పుడే బీటీ మందు (గొంగళిపురుగులను చంపే బ్యాక్టీరియా మందు) పనిచేస్తుంది.

అన్నిటికంటే మాకు భయం కాంకర్. బెరడు లోపలికి కుంగి, రంగు మారి, ఆ మీది కొమ్మ ఒక్కటే వాడిపోతుంది. దీనికి మందు లేదు. గాయంలోంచి, తడిలో వ్యాపిస్తుంది. అందుకే వసంతపు వానల్లో కత్తిరింపు పనులు ఇకమీదట ఒప్పుకోం, ఫిబ్రవరి, మార్చిలో పొడిగా ఉన్న రోజుల్లోనే చేస్తాం. ఒక ఏడాదిలో పావు వంతుకు మించి తీయం. జబ్బు కొమ్మను మచ్చకు అడుగు కిందికి కోసి, ప్రతి కోతకూ రంపాన్ని 70 శాతం ఆల్కహాల్‌తో తుడుస్తాం. కాండం చుట్టుకొలతలో సగానికి మించి కాంకర్ పాకితే చెట్టు నిలవదని ముఖం మీదే చెప్పేస్తాం, రెండేళ్లు ఫీజు తీసుకుంటూ లాగం.

గాయాలు తగలకుండా చూసుకోవడం మాత్రం మీ చేతుల్లో ఉంది. వీడ్ ట్రిమ్మర్ తీగ ఒక్కసారి తగిలినా బెరడు చీలుతుంది. కుందేళ్లు చలికాలంలో లేత బెరడు కొరికేస్తాయి. నవంబరులో రెండడుగుల ఎత్తు ఇనుప జాలీ గుండ్రంగా చుట్టండి, మంచు పేరుకునే చోట ఇంకాస్త ఎత్తు. కాండానికి చుట్టే తెల్లటి ట్రీ రాప్ ఏప్రిల్‌కల్లా విప్పేయాలి. ఇంకా విప్పనివాళ్లు ఈరోజే విప్పండి. ఊతకర్రలు ఏడాది దాటితే తీసేయండి.

చివరిగా, కొన్ని వీధుల్లో కొత్త హనీలోకస్ట్ నాటబోమని మేం చెప్పినప్పుడు కొందరు నొచ్చుకున్నారు. ఇల్లినాయిలో 2006లో ఎమరాల్డ్ యాష్ బోరర్ (యాష్ చెట్లను తొలిచి చంపే పురుగు) కనిపించాక వీధుల కొద్దీ యాష్ చెట్లు పోయాయి. ఆ ఖాళీల్లో చాలావాటిని హనీలోకస్ట్‌తోనే నింపారు. ఒకే చెట్టు వరసగా ఉన్న చోటికి ఒక కొత్త పురుగు వస్తే చాలు. మీ వీధిలో ఇప్పటికే అవే ఉంటే స్వాంప్ వైట్ ఓక్ గానీ కెంటకీ కాఫీట్రీ గానీ పెట్టుకోండి. రెండూ ఇక్కడి మట్టికి తట్టుకుంటాయి.

ఫొటోలు పంపేటప్పుడు మొదలుది ఒకటి, పూర్తి చెట్టుది ఒకటి, గీకిన రెమ్మది ఒకటి పెట్టి, నాటిన నెల, సంవత్సరం రాయండి. లోతుగా నాటినవాటినే ముందు చూస్తాం, ఆ తర్వాతే కొత్త ఆర్డర్లు.