పార్కు స్థలం కంచె పని: జమా ఖర్చుల వివరణ

కాలనీ వాసులందరికీ నమస్కారం. కంచె పని పూర్తయింది, లెక్క మీ ముందు పెడుతున్నాం. టీ కొట్టు దగ్గర జరుగుతున్న చర్చ మా చెవిన కూడా పడింది కాబట్టి కొన్ని పద్దులకు వివరణ పొడవుగానే ఉంటుంది.

జమ (రూపాయల్లో)
పాత నిల్వ: 11,340
58 ఇళ్లు, ఇంటికి 3,000 చొప్పున: 1,74,000
ఖాళీ ప్లాట్ల యజమానులు 9 మంది, అదే చొప్పున: 27,000
పేరు చెప్పవద్దన్న విశ్రాంత ఉపాధ్యాయురాలి విరాళం: 10,000 (అమ్మా, మీకు చేతులెత్తి నమస్కారం)
వినాయక చవితి చందాల మిగులు: 4,160
మొత్తం: 2,26,500

ఖర్చు
ముళ్లకంప, చెత్త తొలగింపు, జేసీబీ: 18,500
మొక్కలు, ఎరువు, రక్షణ చట్రాలు: 22,300
నీళ్ల ట్యాంకర్లు: 8,400
గేటు: 16,500
ఇనుప వల, కూలి: 71,400

రాతి కూసాలు 76, ఒక్కొక్కటి 650: 49,400. బిల్లులో 76 ఉంటే నాటినవి 72 మాత్రమే కనిపిస్తున్నాయని ఒకరు లెక్కపెట్టి మరీ చెప్పారు. లెక్కపెట్టినందుకు సంతోషం. మిగతా నాలుగింటిలో రెండు గేటుకు అటూ ఇటూ సిమెంటు దిమ్మెల లోపల ఉన్నాయి. రెండు లారీ నుంచి దించేటప్పుడు విరిగాయి. సాయంత్రాలు వేపచెట్టు కింద అందరూ కూర్చుంటున్న బల్ల ఆ విరిగిన ముక్కలదే.

సర్వే, పత్రాల నకళ్లు, లాయరు ఫీజు: 14,200. అందరూ వేలు చూపిస్తున్న పద్దు ఇదే. మార్చిలో దించిన కూసాలు జూలై దాకా రోడ్డు పక్కనే పడి ఉండటానికి కారణమూ ఇందులోనే ఉంది. తూర్పు హద్దులో ఆరడుగులు తమదేనంటూ పక్క స్థలం వారు అడ్డుపడ్డారు. మనం గట్టిగా అరిస్తే తీరేది కాదు, కాగితం కావాలి. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయింది. మన లేఅవుట్ అంతకు ముందుది కాబట్టి ఈ 47 సెంట్ల దానపత్రం పాత మున్సిపాలిటీ పేరు మీద ఉంది. దాని నకలు తెచ్చి, కొలతలు వేయించి, హద్దురాళ్లు పాతించాకే కంచె మొదలుపెట్టాం. ఆ ఆరడుగులు ఇప్పుడు కంచె లోపలే ఉన్నాయి. స్థలం కార్పొరేషన్‌ది, మనం కాపలా వాళ్లం. అందుకే కంచెకు వ్రాతపూర్వక అనుమతి కూడా తీసుకున్నాం.

ఒక మూల కల్యాణ మండపం కట్టుకుందామన్న పెద్దల మాటను కాదన్నది కూడా లాయరును అడిగాకే. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఆసుపత్రికి కేటాయిస్తే 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. ఆసుపత్రికే లేని వెసులుబాటు మన భోజనాల హాలుకు ఎక్కడి నుంచి వస్తుంది?

గోడ కట్టకుండా వల ఎందుకు వేశారన్నది రెండో ప్రశ్న. గోడకు ఖర్చు ఎక్కువన్నది ఒక కారణం మాత్రమే. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా, ఊళ్లో వీధులు కాలువలైన రోజులు. మన కాలనీలో పల్లం ఈ స్థలమే. కొండవైపు నుంచి వచ్చిన నీరు ఇక్కడ నిలిచి ఇంకబట్టే ఉత్తరపు వీధి ఇళ్లు కొంత తట్టుకున్నాయి. గోడ కడితే ఆ నీరు నేరుగా వాళ్ల గడపల్లోకి పోతుంది. నడకదారికి టైల్స్ వేయకుండా మట్టిదారే ఉంచిందీ అందుకే. చెప్పులకు బురద అంటుతోందన్న ఫిర్యాదు అందింది. వానాకాలం కదా, అంటుతుంది.

మొత్తం ఖర్చు: 2,00,700
నిల్వ: 25,800 (బ్యాంకులో 23,800, చేతిలో 2,000)

ఇక రావలసినవి. సమావేశంలో చేయెత్తి ఒప్పుకున్న 7 ఇళ్లు, 4 ఖాళీ ప్లాట్లు ఇంకా ఇవ్వలేదు. మొత్తం 33,000. పేర్లు రాయడం లేదు, ఎవరో వారికి తెలుసు. లెక్క గురించి ఎక్కువ ప్రశ్నలు వేసిన వారిలో ఇద్దరు ఈ జాబితాలోనే ఉన్నారని మాత్రం చెప్పక తప్పడం లేదు. వేసవికి మళ్లీ ట్యాంకర్లు కావాలి. నేరేడు, కానుగ మొక్కలు ఇంకా మోకాలెత్తు దాటలేదు. బిల్లులు, నగదు పుస్తకం కోశాధికారి ఇంట్లో ఉన్నాయి. ఆదివారం ఉదయం ఎవరైనా వచ్చి చూడవచ్చు, బాకీ ఉన్నవారు అదే సమయంలో చెల్లించి రసీదు తీసుకోవచ్చు.

ఇట్లు,
పార్కు స్థల పరిరక్షణ కమిటీ