వార్షిక నివేదిక: మేళగాళ్లు తిన్నారా?

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరుపుకున్నాం. ఉగాది నాడు గాలివాన వచ్చి, పార్కులో కట్టిన పందిరి విప్పి అప్పటికప్పుడు ఒకరి గ్యారేజీలోకి మారాల్సి వచ్చింది. అయినా పచ్చడి అందరికీ అందింది. వంటల కమిటీకి మనమంతా రుణపడి ఉన్నాం. పండుగల ఫొటోలు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి ఈసారి నివేదికలో ఎక్కువ చోటు వేరే పనికి ఇస్తున్నాను.

ఓక్లహోమా రాష్ట్రంలోని మన స్టిల్‌వాటర్‌లో పాత శాంటా ఫే రైల్వే స్టేషన్ ముందు నుంచి మనం ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. అది కప్పా కప్పా సై అనే కాలేజీ బ్యాండ్ విద్యార్థుల సోదర సంఘానికి (ఫ్రటర్నిటీకి) జాతీయ కార్యాలయమని మాత్రం మనలో చాలామందికి ఈ ఏడాదే తెలిసింది. చెప్పింది మన పిల్లే. యూనివర్సిటీ బ్యాండ్‌లో క్లారినెట్ వాయించే ఆ అమ్మాయి, తను ఆ సంఘంలో చేరానని సంక్రాంతి భోజనాల దగ్గర చెప్పింది. "అందులో ఏం చేస్తారమ్మా?" అన్నారు వాళ్ల తాతగారు. "వాయిద్యాలు ట్రక్కులోకి ఎక్కిస్తాం, ప్రాక్టీసులో మంచినీళ్లు ఇస్తాం, యూనిఫాంలు సర్దుతాం తాతయ్యా" అంది. పెద్దాయన విస్తరి ముందు కాసేపు ఆగి, "మా ఊళ్లో పెళ్లికి మేళం వస్తే, బంతి లేవగానే మా నాన్న 'మేళగాళ్లు తిన్నారా?' అని అడిగేవాడు. ఆ మాట అడిగే మనిషివన్నమాట నువ్వు" అన్నారు.

ఆ సంఘం సంగతి నాకు అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు. వ్యవస్థాపక దినం నవంబరు 27 థాంక్స్‌గివింగ్ సెలవుల్లో వస్తుందని, ముందరి ఆదివారమే సభ పెట్టుకున్నాం. మాట్లాడింది ఆ అమ్మాయే.

1919లో ఈ ఆలోచన తట్టింది విలియం ఎ. స్క్రాగ్స్‌కి. ఇప్పటి ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ అప్పట్లో ఓక్లహోమా ఎ అండ్ ఎం కాలేజీ; అతను అక్కడి బ్యాండ్‌లో విద్యార్థి. బ్యాండ్ వాళ్లకంటూ ఒక సోదర సంఘం ఉండాలన్నాడు. బ్యాండ్ దర్శకుడు బొహుమిల్ మకొవ్‌స్కీ ఆ మాటకు అండగా నిలిచారు. ఆయన బొహీమియాలో (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) పుట్టి, 1895లో అమెరికా వచ్చి, 1915 నుంచి ఆ బ్యాండ్‌ని నడిపిస్తున్న మనిషి. బ్యాండ్ మొత్తంలో పదిమందిని ఎంచారు. 1919 నవంబరు 27న ఆ పదిమందితో సంఘం మొదలైంది. వాళ్లలో ఎ. ఫ్రాంక్ మార్టిన్ తర్వాత ఏళ్ల తరబడి జాతీయ కార్యదర్శి బాధ్యత మోశారు. నేనూ కార్యదర్శినే కనుక ఆ పేరు విన్నప్పుడు మనసు కాస్త అక్కడే నిలిచిపోయింది. ఉత్తరాలు రాయడం, పద్దులు చూడడం, వచ్చినవాళ్లని కలుపుకుపోవడం – ఒకరి ఆలోచన ఊరు దాటాలంటే ఆ పనికి ఎవరో ఒకరు ఏళ్లు ఇవ్వాలి.

1920లోనే సంఘం మోంటానా, వాషింగ్టన్ రాష్ట్రాలకు పాకింది. 1946లో బ్యాండ్ అమ్మాయిల కోసం టావ్ బీటా సిగ్మా అనే సంఘం వచ్చింది. ఆ ఆలోచన టెక్సస్ టెక్ విద్యార్థిని వావా బేన్స్‌ది. 1977 నుంచి కప్పా కప్పా సైలో ఆడపిల్లలకూ చోటు దొరికింది. మన అమ్మాయి అందులో ఉందంటే ఆ మార్పు వల్లే.

స్క్రాగ్స్ ఆలోచనలో నాకు నచ్చింది ఒకటుంది. బాగా వాయించేవాళ్లని ఎంచి గౌరవించడమే కాదు, బ్యాండ్ అవసరాలు చూసే పనీ వాళ్ల మీదే పెట్టారు. సన్మానం, చాకిరీ ఒకే భుజం మీద.

సభ అయ్యాక ఒక తల్లి లేచి, పోయిన ఏడాది హైస్కూలు బ్యాండ్ పోటీలో మన పిల్లలు మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా చిప్స్‌తో గడిపారని చెప్పింది. మనమంతా అక్కడే ఉన్నాం. ఎవరికీ తట్టలేదు. ఆ పూటే "మేళం భోజనం" అని కొత్త పద్దు తెరిచాం. డిసెంబరులో జరిగిన క్రిస్మస్ ఊరేగింపుకి బ్యాండ్ మొత్తానికి, మన పిల్లలకే కాదు, పులిహోర పొట్లాలు కట్టాం. బరువైన సూసాఫోన్ (ఒంటి చుట్టూ తిరిగే పెద్ద ఇత్తడి బాకా) భుజాన మోసుకొచ్చిన కుర్రాడు దాన్ని దింపకుండానే నోరు తెరిస్తే, పక్కనున్న ట్రంపెట్ పిల్ల చెంచాతో తినిపించింది. వేరుశెనగలు ఏరి పక్కన పెట్టమన్నాడట, ఎలర్జీ అని. ఇకమీదట పల్లీలు లేకుండానే కలుపుతాం. వంటల కమిటీ ఈ సంగతి రాసుకోవాలి.

ఒక సభ్యుడు తన కూతురు వదిలేసిన క్లారినెట్ ఇచ్చారు. మీటల కింద మెత్తలు ఎండి గాలి పోతోంది. బాగుచేయించి, ఊదేచోట అమర్చే పలచటి రెల్లు ముక్కలు, అంటే రీడ్లు, కొత్తవి కొని, ఆరో తరగతి పాపకు ఇచ్చాం.

జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. ఆగస్టులో బ్యాండ్ క్యాంప్ మొదలవుతుంది. పికప్ ట్రక్కు ఉన్నవాళ్లు పేర్లు ఇవ్వండి. రెండు పెద్ద ఐస్ పెట్టెలు కూడా కావాలి.