ఖీమా కూర బన్నులో పెడితే చాప్డ్ చీజ్ కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో న్యూయార్క్ చాప్డ్ చీజ్ శాండ్‌విచ్ (బీఫ్ ఖీమాను పెనం మీద కాల్చి, కొట్టి ముక్కలు చేసి, చీజ్ కరిగించి పొడవాటి బ్రెడ్డులో పెట్టేది) గురించి వచ్చిన వంటల శీర్షిక చదివి ఈ ఉత్తరం రాస్తున్నాం. తెలుగు పత్రికలో బీఫ్ వంటకాన్ని నీళ్లు నమలకుండా వేసినందుకు ముందుగా అభినందనలు. అయితే వేసిన పద్ధతి మాత్రం సరికాదు. అల్లం వెల్లుల్లి ముద్ద వేయించి, టమాటా మగ్గించి, కడిగిన ఖీమా వేసి, మూతపెట్టి, సన్నసెగ మీద ఇరవై నిమిషాలు ఉంచి, మోజరెల్లా తురుము చల్లి బన్నులో పెట్టమన్నారు. అలా వండితే వచ్చేది ఖీమా కూర. చపాతీలోకి బాగానే ఉంటుంది. బన్నులో పెడితే రెండో కొరుకుడుకే అడుగు నాని చేతిలోకి జారుతుంది.

ఇది ఫిలడెల్ఫియా చీజ్‌స్టీక్‌కే మరో పేరు అని కూడా రాశారు. చీజ్‌స్టీక్‌కి వాడేది పల్చగా కోసిన మాంసం ముక్కలు. చాప్డ్ చీజ్‌కి వాడేది ఖీమా, అంటే హాంబర్గర్‌కి వాడే సరుకే. న్యూయార్క్‌లోని హార్లెమ్, బ్రాంక్స్ పేటల బొడేగాలు దీని పుట్టినిల్లు. బొడేగా అంటే పాల ప్యాకెట్టు నుంచి లాటరీ టికెట్టు దాకా అమ్మే వీధి మొగ కిరాణా కొట్టు. చాలాచోట్ల అందులోనే ఒక పక్క గ్రిడిల్, అంటే వంటకు వాడే చదునైన పెద్ద పెనం కూడా ఉంటుంది. ఈస్ట్ హార్లెమ్‌లో ఫస్ట్ అవెన్యూ, 110వ వీధి కలిసేచోట జనం హాజీస్ అని పిలిచే కొట్టులో ఇది మొదలైందని ఎక్కువమంది చెబుతారు. ఇలాంటి కొట్లు చాలావాటిని నడిపేది యెమెన్ నుంచి వచ్చిన కుటుంబాలు. జేబులో నాలుగు డాలర్లున్నవాడి కడుపు నింపడానికి పుట్టిన తిండి ఇది. 2016లో మన్‌హాటన్‌లో ఒక పెద్ద సూపర్‌మార్కెట్‌లో దీన్ని ఎనిమిది డాలర్లకు పెడితే ఆ పేటలవాళ్లు ఊరుకోలేదు. దీనికి ‘గోర్మే’ (ఖరీదైన నాజూకు వంట) అన్న విశేషణం మీరు తగిలించకపోతే బాగుండేది.

ఇక వండే సంగతి. ఒక శాండ్‌విచ్‌కి 170 గ్రాముల ఖీమా, పావు ఉల్లిపాయ, రెండు చీజ్ స్లైసులు, ఎనిమిది అంగుళాల మెత్తటి హీరో రోల్ (పొడవాటి బ్రెడ్డు) ఒకటి చాలు. ఖీమాలో కొవ్వు ఐదో వంతు ఉండాలి. అమెరికాలో ప్యాకెట్ మీద 80/20 అని ఉండేది ఇదే. కాలేసరికి కొవ్వు, నీరు పోయి 170 గ్రాములు దాదాపు 125కి దిగుతుంది, కాబట్టి తక్కువ తీసుకుంటే బ్రెడ్డే మిగులుతుంది. కొవ్వు ఏడు శాతమే ఉన్న 93/7 ఖీమాతో చేస్తే ఆరోగ్యమేమో గానీ నోట్లో రంపపు పొట్టులా తగులుతుంది.

హైదరాబాద్‌లోనో గుంటూరులోనో చేసేవాళ్లకు ఇక్కడ ఒక చిక్కుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో చేసిన చట్టం గోవధను నిషేధించింది. పెద్దకూర పేరుతో మన దగ్గర ఎక్కువగా దొరికేది బర్రె, దున్న మాంసమే. దాంట్లో కొవ్వు బాగా తక్కువ, రంగు కూడా ముదురు. అందుకే కొట్టువాడికి ముందే చెప్పి 800 గ్రాముల మాంసానికి 200 గ్రాముల కొవ్వు కలిపి, పెద్ద కన్నాల జాలీలో ఒక్కసారే ఆడించమనాలి. రెండుసార్లు ఆడిస్తే కబాబ్‌కి పనికొస్తుంది, దీనికి కాదు. కొవ్వు దొరకకపోతే పెనం మీద 170 గ్రాములకు 20 గ్రాముల నెయ్యి వేసుకోవచ్చు. వెన్న వద్దు, దానిలోని పాల పదార్థం ఈ వేడికి మాడి చేదెక్కుతుంది.

మీ శీర్షికలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ‘కడిగిన ఖీమా’. మన ఇళ్లలో మాంసం కడగనిదే ముట్టరని తెలుసు. కానీ ఖీమాను కడిగితే క్రిములు పోవు, అవి సింకు నిండా, పక్కనున్న గిన్నెల మీదా చిందుతాయి. పైగా స్పాంజిలా నీళ్లు పీల్చిన ఖీమా పెనం మీద పడగానే ఆ నీళ్లన్నీ వదులుతుంది. ఆ నీరున్నంతసేపూ మాంసం వేడి 100 డిగ్రీల సెల్సియస్ దాటదు. ఎర్రగా కాలి, ఆ వాసన రావాలంటే 140 దాటాలి. గది వేడిలో ఉన్న నీటిని మరిగేదాకా తేవడానికి పట్టే వేడికి ఏడు రెట్లకు పైగా ఆ నీటిని ఆవిరి చెయ్యడానికి పడుతుంది. ఇంటి స్టవ్ ఆ పని చేసేలోపు ఖీమా బూడిదరంగుకు తిరిగి గట్టిపడుతుంది. మూతపెట్టడం, అరకిలో ఒకేసారి వెయ్యడం, ఫ్రీజర్‌లోంచి తీసి సగం కరిగింది కుమ్మరించడం, ఇవన్నీ చేరేది ఈ దుస్థితికే. పన్నెండు అంగుళాల పెనం మీద ఒక శాండ్‌విచ్‌కి సరిపడా, మహా అయితే రెండింటికి వెయ్యాలి. గడ్డకట్టిన ఖీమాను ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో కిందకు దించి, వేసేముందు కాగితపు టవల్‌తో అద్దుకోవాలి.

పెనం విషయంలో మనవాళ్లకు అందరికంటే ఎక్కువ అనుభవం ఉంది. కొట్లలోని గ్రిడిల్ ముప్పావు అంగుళం నుంచి అంగుళం దాకా మందమున్న ఉక్కు పలక. చల్లటి మాంసం పడినా దాని వేడి చటుక్కున దిగదు. ఇంట్లో దానికి దగ్గరగా వచ్చేది పోత ఇనుప దోసెల పెనం, అదీ అంచు ఉన్నది. అంచు లేకపోతే కొవ్వు స్టవ్ మీదకు కారి మంట అంటుకుంటుంది. (అదే పెనం మీద మర్నాడు దోసెలు వేస్తారా లేదా అన్నది ఆ ఇంటి వ్యవహారం.) నాన్‌స్టిక్ అసలు వద్దు, మాంసాన్ని ముక్కలు చెయ్యడానికి ఇనుప స్క్రేపర్‌తో (పెనం గీకే పలకతో) కొడితే పూత లేచి తిండిలో కలుస్తుంది. దోసెకి పెనం మరీ కాలితే పిండి పరుచుకోక ముద్దవుతుందని నీళ్లు చిలకరించి చల్లబరుస్తాం. ఇక్కడ చల్లబరచకూడదు. చిలకరించిన చుక్కలు చుయ్యిమని ఆరిపోకుండా ముత్యాల్లా పెనమంతా పరుగెత్తితే తగిన వేడి వచ్చినట్టు. ఉపరితలం 190 నుంచి 205 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. కిటికీలు తెరవండి. అమెరికా అపార్ట్‌మెంట్లలో చాలా మైక్రోవేవ్ ఫ్యాన్లు పొగను బయటికి పంపవు, తిప్పి ఇంట్లోకే వదులుతాయి. మిరపకాయల పోపుకే అలారం మోగే ఇంట్లో దీనికి మోగకుండా ఉండదు.

ఖీమాను పొడిపొడిగా చల్లకండి. ఉప్పు కలిపి పిసకనూ వద్దు. ఉప్పు మాంసకృత్తులను కరిగించి జిగురు చేస్తుంది, ఆ ముద్ద కాలాక సాసేజ్‌లా సాగుతుంది, తుంపితే తెగదు. రెండు ఉండలు చేసి పెనం మీద పెట్టి, మొదటి అర నిమిషంలోనే వెడల్పాటి అట్లకాడతో సెంటీమీటరు మందానికి గట్టిగా అదమాలి. ఆ తర్వాత అదిమితే రసం పోతుంది. పైన మిరియాల పొడి, అడోబో పొడి చల్లాలి. అడోబోలో ఉప్పు, వెల్లుల్లి పొడి, ఒరెగానో, పసుపు ఉంటాయి కాబట్టి విడిగా ఉప్పు వేస్తే కషాయమే. సన్నగా తరిగిన ఉల్లిపాయ పక్కన వెయ్యాలి, మాంసం కింద కాదు. ఉల్లి కూడా నీరు వదిలేదే.

రెండు నిమిషాలు చెయ్యి పెట్టకూడదు. మధ్యలో ఎత్తి చూస్తే కాలిన పొర పెనానికే అంటుకుని మిగులుతుంది. ఎర్రటి పొర కట్టినప్పుడు మాంసం తనంతట తానే వదులుతుంది. తిప్పి అర నిమిషం ఆగి, అప్పుడు కొట్టడం మొదలెట్టాలి. చాప్డ్ అన్న పేరు ఈ పనివల్లే వచ్చింది. కాలకముందే నలిపితే లోపలి నీరంతా ఒక్కసారి బయటపడుతుంది, కాలాక కొడితే ప్రతి ముక్కకూ ఒక పక్క కరకర, ఒక పక్క మెత్తన దొరుకుతాయి. స్క్రేపర్‌ను నిలువుగా పట్టి, ఉల్లిని కలుపుకుంటూ, శనగగింజ సైజుకు వచ్చాక ఆపాలి. టకటకమని చప్పుడు బాగుందని కొడుతూనే ఉంటే రవ్వ అవుతుంది. ఇంకో నిమిషంన్నర చాలు.

తర్వాత దాన్నంతా బ్రెడ్డు పొడవున కుప్పగా చేర్చి చీజ్ పెట్టాలి. రెండు స్లైసులూ పైన పరిచి వదిలేసేవాళ్లున్నారు, రెండింటినీ కలిపేసేవాళ్లూ ఉన్నారు. ఒకటి మాంసంలోకి కలిపి, రెండోది పైన పరచడం మాకు సరైనదనిపిస్తుంది. లోపలిది ముక్కల్ని పట్టి ఉంచుతుంది, పైది రుచి ఇస్తుంది. అర నిమిషం మించి ఉంచితే చీజ్ పెనం మీదకు జారి మాడుతుంది.

చీజ్ అంటే ఏ చీజైనా ఒకటే అన్న ధోరణి మీ శీర్షికలో కనిపించింది. మోజరెల్లా తీగలు సాగి, మొదటి కొరుకుడుకే మొత్తం బయటికి లాక్కొస్తుంది. ముదిరిన చెడ్డార్ వేడికి విరిగి నూనె ఒకవైపు, రబ్బరు ఒకవైపు అవుతుంది. అమెరికన్ చీజ్ అని పిలిచే ప్రాసెస్డ్ స్లైసులో సోడియం సిట్రేట్ లాంటి లవణాలుంటాయి. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తిని గట్టిగా పట్టి ఉంచే కాల్షియాన్ని అవి లాగేసుకుంటాయి, దాంతో కేసీన్ వదులై కొవ్వునూ నీటినీ కలిపి పట్టుకోగలుగుతుంది. అందుకే అది విరగకుండా సాస్‌లా కరుగుతుంది. మన దగ్గర అమూల్ స్లైసు ఈ కోవదే, అట్ట మీద చూస్తే సోడియం సిట్రేట్ పేరు కనబడుతుంది. పనీర్ వాడొచ్చని రాశారు. పనీర్‌ను నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో విరిచేటప్పుడే ఆ కాల్షియం చాలావరకు నీటిలో పోతుంది, దాన్ని రాత్రంతా పెనం మీద ఉంచినా కరగదు.

బ్రెడ్డును విడిగా టోస్టర్‌లో పెట్టొద్దు. చీల్చి, లోపలి ముఖాలను పెనం మీది కొవ్వులో అద్ది, ఒక నిమిషం కాల్చాలి. రెండు ముఖాలకూ మయొనీస్ రాయాలి. అది రుచికే కాదు, రసం బ్రెడ్డులోకి దిగకుండా అడ్డుకుంటుంది. మాంసం, చీజ్, మీద కెచప్, ఆపైన ఉప్పు చల్లి తడి తుడిచిన టమాటా చక్రాలు, అన్నిటికంటే పైన సన్నగా తరిగిన ఐస్‌బర్గ్ లెట్యూస్ ఆకు. బటర్ పేపర్‌లో బిగించి చుట్టి ఒక్క నిమిషం ఆగి, మధ్యకు కోయాలి. ఆ నిమిషంలో ఆవిరికి రొట్టె పై పొర మెత్తబడుతుంది. పది నిమిషాలు వదిలేస్తే ముద్దయిపోతుంది, కొవ్వు గడ్డకట్టి అంగిలికి అంటుతుంది. పార్సిల్‌కి పనికిరాని తిండి.

పెనం వేడిగా ఉండగానే గీకి, కరిగిన కొవ్వును పాత డబ్బాలోకి తీయండి, సింకులో పోస్తే పైపులో గడ్డ కడుతుంది. పోత ఇనుము మీద ఒక్కసారిగా చల్లనీళ్లు కుమ్మరిస్తే పగులుతుంది. కాస్త గోరువెచ్చని నీళ్లతో తుడిచి, పల్చగా నూనె రాసి పెడితే చాలు.

ఇవన్నీ రుచి సంగతులు. మీకు నచ్చినట్టు వండుకోండి, ఎవరూ కేసు పెట్టరు. ఒక్క వాక్యం మాత్రం వచ్చే ఆదివారమే దిద్దాలి: ‘గులాబీ రంగు పోగానే దించెయ్యవచ్చు’ అన్నది. ముక్క మాంసంలో క్రిములు పైపైనే ఉంటాయి. ఖీమా ఆడించేటప్పుడు ఆ పైభాగం లోపలంతా కలిసిపోతుంది, ఈ-కోలై లాంటివి మధ్యలోకి చేరతాయి. రంగును నమ్మడానికి వీల్లేదు. కొన్నిసార్లు ఉడకకముందే గోధుమరంగుకు తిరుగుతుంది, ముదురు రంగు దున్న మాంసంలో అసలే తేడా తెలియదు. అమెరికా వ్యవసాయ శాఖ ఖీమాకు చెప్పిన కొలత 160 డిగ్రీల ఫారెన్‌హీట్. సవరణలో ఆ వాక్యం తీసేసి ఇలా వేయండి: ‘చీజ్ పెట్టే ముందు ఖీమాను కుప్పగా చేర్చి, థర్మామీటర్ ములికిని పక్కనుంచి మధ్యకు గుచ్చి, పెనానికి తగలకుండా చూడాలి. 71 డిగ్రీల సెల్సియస్ రాకపోతే ఇంకో నిమిషం తిప్పాలి.’

ఇట్లు,
ఇద్దరు గ్రిడిల్ వంటవాళ్లు,
జెర్సీ సిటీ, న్యూజెర్సీ