నాన్న స్నానం సంగతి

కాల్గరీ, కెనడా
కనుమ వెళ్లిన వారం

అమ్మకు నమస్కరించి రాసేది,

ఇక్కడ మేమంతా క్షేమం. పిల్లలు బడికి వెళ్తున్నారు, ఆయన ఉద్యోగం సవ్యంగానే సాగుతోంది. చలి మాత్రం సున్నాకు 20 డిగ్రీలు కిందకు దిగి అక్కడే కూర్చుంది. నువ్వు పంపిన అరిసెలు అందాయి, అయిపోయాయి కూడా.

అమ్మా, మొన్న నువ్వు ఫోనులో నాన్న గురించి చెప్పిన మాట నన్ను వదలడం లేదు. ఫోనులోనే మాట్లాడేదాన్ని గానీ, నాన్న పక్కనే ఉంటారు. విన్నంతసేపూ విని, "నీళ్లు పడలేదమ్మా, అంతే" అని నవ్వేసి తేల్చేస్తారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ముందు నువ్వూ తమ్ముడూ చదవండి, తర్వాత నాన్నకూ ఇవ్వండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇది తమ్ముడి చేతిలో ఉంటే ఏం చెప్పాలో మరిచిపోకుండా ఉంటాడు.

నాన్న స్నానం చేసి వచ్చిన కాసేపటికే తొడల మీద, వీపు మీద సూదులతో పొడుస్తున్నట్టు దురద మొదలై అరగంట దాకా ఉంటోందన్నావు. ఒంటి మీద చూస్తే దద్దురు గానీ మచ్చ గానీ ఏమీ కనపడటం లేదన్నావు. ఎండలో అరుగు మీద కూర్చుని పళ్లు బిగబట్టుకుంటున్నారన్నావు. అన్నిటికంటే నాకు బాధ కలిగించింది, ఆయన స్నానం రోజు విడిచి రోజు చేస్తున్నారన్న మాట. వానొచ్చినా, జ్వరమొచ్చినా తెల్లవారకముందే నూతి దగ్గర ఆయన చెంబు చప్పుడు వినబడేది. అలాంటి మనిషి స్నానానికి భయపడుతున్నారంటే అది చిన్న విషయం కాదు.

నాకూ స్నానం తర్వాత దద్దుర్లు వచ్చేవని నీకు తెలుసు. ఇక్కడికొచ్చిన తొలి చలికాలంలో వేడినీళ్ల కింద నిలబడి బయటికి వచ్చేసరికి మెడ, ఛాతీ, చేతులు గుండుసూది తలంత ఎర్రటి పొక్కులతో నిండిపోయేవి. భరించలేని దురద. గంట గడిస్తే అంతా మాయం, అక్కడ ఏదో ఉండేదన్న గుర్తు కూడా మిగిలేది కాదు. నేనూ అప్పుడు ఈ ఊరి నీళ్లు పడలేదనే అనుకున్నాను. ఇక్కడి నీళ్లు రాకీ పర్వతాల నుంచి వచ్చే నదులవి, సున్నపురాళ్ల మీదుగా పారుతాయి కాబట్టి కాస్త సున్నం ఎక్కువే. నీళ్లు కాచే పాత్రలో తెల్లటి పొర కడుతుంది, సబ్బు సరిగ్గా నురగ రాదు. అనుమానం నీళ్ల మీదకు పోవడం సహజమే.

చర్మ వైద్యురాలు మాత్రం నీళ్ల గురించి అడగడానికి ముందు ఇంకేవో అడిగింది. మెట్లు గబగబా ఎక్కినప్పుడు వస్తాయా? కారం తిన్నప్పుడు? కోపం వచ్చినప్పుడు? ఆలోచిస్తే అన్నిటికీ అవుననే చెప్పాల్సి వచ్చింది. ఛాతీ మీద ఒంటి వేడికి సమానమైన నీళ్లలో తడిపిన గుడ్డ వేసి, అరగంట దాకా ఉంచి తీసి చూసింది. ఒక్క పొక్కు లేదు. తర్వాత చెమట పట్టేదాకా వ్యాయామం చేయించింది. పొక్కులు లేచాయి. అంటే నా విషయంలో తప్పు నీటిది కాదు, వేడిది. ఒళ్లు వేడెక్కి చెమట పట్టబోయే వేళకు చర్మంలోని మాస్ట్ కణాలు రేగి హిస్టమిన్ అనే పదార్థాన్ని వదులుతాయి, దానివల్లే వాపు, ఎరుపు, దురద. దీన్ని కోలినెర్జిక్ అర్టికేరియా అంటారు. ఎక్కువగా పడుచు వయసువాళ్లకే వస్తుంది. నిజంగా నీరు తగిలితేనే దద్దుర్లు లేచే జబ్బు వేరే ఉంది. 1964లో మొదటిసారి దాని గురించి వైద్యులు రాశారు. అది చాలా అరుదు. నాకు గోరువెచ్చని నీళ్లు, మత్తు తక్కువగా ఉండే సెటిరిజిన్ మాత్ర, ఒళ్లు తడిగా ఉండగానే పూత, వీటితో సర్దుకుంది.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, ఆ వైద్యురాలు అన్నిటికంటే ముందు అడిగిన ప్రశ్న ఒకటుంది: దురదతో పాటు చర్మం మీద ఏమైనా కనపడుతోందా, లేక ఒట్టి దురదేనా? కనపడితే ఒక దారి, కనపడకపోతే పూర్తిగా ఇంకో దారి అంది. నువ్వు నాన్న సంగతి చెప్తుంటే నా చెవిలో ఆ ప్రశ్నే మోగింది. నాన్నది రెండో దారి.

చర్మం మీద ఏమీ లేకుండా, నీళ్లు తగిలిన కొద్ది నిమిషాలకే పొడుచుకొచ్చే దురదకు చాలామందిలో కారణం ఒంటి పొడితనమే. వయసు పైబడ్డాక చర్మంలో నూనె ఊరడం తగ్గుతుంది. దానిమీద కాగులో మరిగిన నీళ్లు, బీరపీచు, సబ్బు కలిస్తే ఉన్న కాస్త జిడ్డూ పోతుంది. నాన్నది అదే అయితే చాలా సంతోషం, నూనెతో పోయే జబ్బు.

కానీ ఇదే లక్షణం కొందరిలో రక్తం చిక్కబడే జబ్బుకు తొలి ఆనవాలు. పాలిసైథీమియా వెరా అంటారు. ఎముకల్లోని మజ్జ అవసరానికి మించి ఎర్రకణాలను తయారుచేస్తుంది. రక్తం చిక్కబడుతుంది, గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, పక్షవాతానికీ గుండెపోటుకూ అది దారి తీయగలదు. స్నానం తర్వాతి దురద, జబ్బు బయటపడటానికి కొన్నేళ్ల ముందే మొదలవుతుందట కొందరికి. నువ్వు వేర్వేరు రోజుల్లో వేర్వేరుగా చెప్పిన సంగతులను ఇప్పుడు ఒక వరుసలో పెట్టి చూడు. నాన్న ముఖం ఈ ఏడాది ఎర్రబారిందన్నావు, పొలం ఎండ అనుకున్నాం. తలనొప్పి అన్నావు, కళ్లద్దాలు మార్చాలనుకున్నాం. రాత్రిళ్లు అరికాళ్లు మండుతున్నాయని తడిగుడ్డ వేసుకుంటున్నారన్నావు, సుగరేమో అనుకున్నాం. ఒక్కొక్కటీ విడిగా ఏమీ కాకపోవచ్చు. దురదతో కలిపి చూస్తే మాత్రం ఒక్క రక్తపరీక్ష చేయించకుండా ఊరుకోవడం నా వల్ల కాదు.

నీళ్లదే తప్పు అంటావేమో. ఇంట్లో అందరూ ఆ నీళ్లే పోసుకుంటున్నారు కదమ్మా. నీకు లేదు, తమ్ముడికి లేదు, మరదలికి లేదు, చంటిదానికి లేదు. గజ్జి అయితే రాత్రిళ్లు వేళ్ల సందుల్లో దురద పుట్టి ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. ఇది నాన్న ఒక్కరికే ఉంది. అంటే వెతకాల్సింది నూతిలో కాదు, నాన్న ఒంట్లో.

నాన్నకు ఈ మాట నేను చెప్పానని చెప్పు: ఒంట్లో రక్తం ఎక్కువ ఉండటం బలం కాదు. మన వైపు రక్తం తక్కువంటే అందరూ కంగారుపడతారు, ఎక్కువంటే మెచ్చుకుంటారు. మగవాళ్లకు హిమోగ్లోబిన్ 16.5 దాటినా, హెమటోక్రిట్ అనే లెక్క, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు, 49 శాతం దాటినా డాక్టర్లు ఈ జబ్బును అనుమానిస్తారు. దాటినంత మాత్రాన జబ్బు ఉన్నట్టే అని కాదు. చుట్ట తాగేవాళ్లకు పొగ వల్ల కూడా ఆ లెక్క పెరుగుతుంది, నీళ్లు తక్కువ తాగినా పెరుగుతుంది. అందుకే చుట్ట సంగతి డాక్టరు దగ్గర దాచవద్దని నాన్నకు గట్టిగా చెప్పు. అనుమానం బలపడితే జాక్ 2 అనే జన్యువులో మార్పు ఉందేమో చూస్తారు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో సుమారు 95 శాతం మందిలో ఆ మార్పు కనబడుతుంది. 2005లో అది కనిపెట్టాక తేల్చడం సులువైంది.

ఒక మాట దాచకుండా చెప్తాను. వైద్యులు దీన్ని రక్త క్యాన్సర్ల కోవలో చేరుస్తారు. ఆ మాట ఎవరి నోటినుంచో విని నువ్వు కుప్పకూలిపోకూడదని నేనే ముందు చెప్తున్నాను. చాలా నెమ్మదిగా నడిచే రకం ఇది. అప్పుడప్పుడు కొంత రక్తం తీసి, హెమటోక్రిట్ 45 శాతం లోపు ఉండేలా చూస్తారు, డాక్టరు రాస్తే చిన్న మోతాదులో ఆస్పిరిన్ ఇస్తారు, అవసరాన్నిబట్టి వేరే మందులూ ఉంటాయి. ఈ చికిత్సతో ఏళ్లకు ఏళ్లు తమ పనులు తాము చేసుకుంటున్నవాళ్లు ఎందరో. తెలియకుండా ఉండిపోతేనే ప్రమాదం. ఆస్పిరిన్ మాత్రం ఎవరో చెప్పారని ముందుగా వేయవద్దు.

నాన్న దురద తగ్గాలని అరసవల్లికి మొక్కుకున్నావు కదా. చర్మవ్యాధులకు ఆ సూర్యనారాయణస్వామినే తలుచుకోవడం మన తాతల నాటి నుంచి ఉన్నదే, వద్దనను. రథసప్తమి దాకా ఆగకుండా ఈ వారంలోనే ఒక పనిదినాన వెళ్లండి. ఉదయాన్నే నరసన్నపేటలో బస్సెక్కి, దర్శనం చేసుకుని, అక్కడి నుంచి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. రక్తకణాలను లెక్కించే ఈ పరీక్ష పేరు సీబీసీ, పరగడుపున ఉండక్కర్లేదు, ఉపవాసం ఉంటానని నాన్న మొండికేస్తే నువ్వే ఇడ్లీ పెట్టించు. ఆ చేత్తోనే, తిన్న సంగతి చెప్పి, సుగరు, థైరాయిడ్, కాలేయం, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలూ చేయించండి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు కూడా దద్దుర్లు లేని దురద ఉంటుంది. పిన్ని వాళ్ల కవిటి వైపు ఎన్ని ఇళ్లలో డయాలసిస్ ఉందో నీకు నేను చెప్పక్కర్లేదు. రక్తం లెక్క తేడాగా ఉంటే విశాఖలో రక్త సంబంధ జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఆ ప్రయాణం తమ్ముడూ నేనూ చూసుకుంటాం.

ఈలోగా ఒంటి పొడితనానికి చేయాల్సినవి చేయండి, అదే అసలు కారణం కావచ్చు కూడా. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, స్నానం త్వరగా ముగియాలి. బీరపీచు పక్కన పెట్టేయండి. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు. సున్నిపిండితో రుద్దడం కూడా ఈ నెల మానేయమను, అది మంచిదే గానీ నూనె లాగేస్తుంది. తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దుకోవాలి. నాన్న పాత పొందూరు పంచె ఒకటి చింపి తువ్వాలుగా ఇవ్వు, అంత మెత్తని నూలు ఇంకెక్కడా దొరకదు. ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే, మూడు నిమిషాలు దాటకముందే కొబ్బరినూనె పట్టించు. మనం స్నానానికి ముందు రాసి సబ్బుతో కడిగేస్తాం. ఈయనకు స్నానం తర్వాత కావాలి. ఉద్దానం కొబ్బరి ఇంట్లోనే ఉండగా ఖరీదైన సీసాలు కొనక్కర్లేదు.

ఎండలో కూర్చుంటే హాయిగా ఉందంటున్నారు కదా, కూర్చోనివ్వు, ఉదయపుటెండ చాలు. ఈ రకం దురదకు ఆసుపత్రుల్లో అతినీలలోహిత కిరణాలతో చికిత్స చేసే పద్ధతి ఉంది, అది డాక్టరు చూసుకుంటారు.

ఊళ్లో ఇంజక్షను డాక్టరును మాత్రం ఈసారి గుమ్మం తొక్కనివ్వకు. దురదకని, ఒళ్లునొప్పులకని ఏదేదో కలిపి పొడిచేస్తే జబ్బు ముసుగు వేసుకుంటుంది, నొప్పి మందులు కిడ్నీల మీద పడతాయి. మందుల షాపులో ఇచ్చే ట్యూబులూ వద్దు. చిన్నాన్నకు తామర ఒళ్లంతా పాకింది అలాంటి స్టెరాయిడ్ ట్యూబుతోనే. ఆ రకం పూతమందులను 2018లోనే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చారు, అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు. నిద్రమత్తు తెచ్చే పాతకాలపు దురద మాత్రలు వేసుకుని నాన్న గట్ల మీద సైకిలు తొక్కడం నాకు భయం. అలసటగా ఉందన్నారని నువ్వు తెచ్చిన ఐరన్ టానిక్ కూడా పరీక్ష అయ్యేదాకా ఆపు. రక్తం ఇప్పటికే ఎక్కువగా ఉంటే అది ఇంకా పెంచుతుంది.

నాన్నకు కాలో చెయ్యో ఒక్కసారిగా పట్టు తప్పినా, మాట తడబడినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఒక పిక్క వాచినా పరీక్ష రోజు కోసం చూడవద్దు. వెంటనే 108కి ఫోను చేయమని తమ్ముడికి చెప్పు.

డబ్బు తమ్ముడి ఖాతాలో వేశాను, ఈ పనికే. మీకు మధ్యాహ్నమైతే మాకు అర్ధరాత్రి అవుతుంది, అయినా రిపోర్టు చేతికి రాగానే ఫోటో తీసి పంపమను, నిద్ర లేపినా పర్వాలేదు. హిమోగ్లోబిన్, హెమటోక్రిట్, ప్లేట్‌లెట్లు, ఈ మూడు అంకెలూ స్పష్టంగా కనబడాలి.

నీ పెద్దమ్మాయి